ఊరికే పరుగు

ట్యాంకరు వచ్చే దినం యమున చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, పైపు చుట్ట భుజానికి తగిలించుకుని, నోట్లో కాఫీ చుక్క పడకుండానే వీధి మొదట్లో కాచుకునేది. కరువు పట్టిన ఆ ఏళ్ళలో పుంగనూరులో ట్యాంకరు ఫలానా వీధికి అని రాదు. బైపాసు దగ్గర కాస్త నెమ్మదిస్తుంది. అక్కడ ఏ వీధి ఆడమనిషి ముందుగా పరిగెత్తిపోయి, వెనక నిచ్చెన ఎక్కి, తన పైపు కొస లోపల పడేస్తుందో ఆ వీధికి ఆ పూట నీళ్ళు. మిగతా వీధులకు తిట్టుకునే హక్కు. మొదట్లో వంతులు వేసుకున్నారు. తర్వాత వంతులెందుకు, యమున కాళ్ళున్నాయి కదా అని తేల్చేశారు. ముప్పై దాటిన మనిషి, ఒక కాన్పూ ఒక ఆపరేషనూ అయిన మనిషి, చెప్పుల్లేకుండా అట్లా దూసుకుపోతుంటే వీధంతా వెనక నుంచి బిందెలు మోగించేది. నిచ్చెన మీద ఒక కాలు, గాలిలో ఒక కాలు, నెత్తిన పడే నీళ్ళు, కింద పక్కవీధి వాళ్ళ శాపనార్థాలు. దిగేసరికి చీర తడిసి ఒంటికి అతుక్కునేది. చుట్టూ నిలబడ్డ మగవాళ్ళు చూసేవాళ్ళు. ఆ చూపులకు ఆమె మొగుడు దొరస్వామికి ఎన్నడూ కోపం రాలేదు.

కోపం మాట అటుంచి, అదొక గొప్ప. దొరస్వామికి బస్టాండు వెనక అంగడి ఉండేది, కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ కట్టే అంగడి. వచ్చినవాళ్ళతో "మా ఇంట్లో నీళ్ళకు కొదవే లేదప్పా. మా ఆడది ట్యాంకరు యాడున్నా పట్టకొస్తాది" అనేవాడు, కొత్తగా తెచ్చిన మోటారు గురించి చెప్పినట్టు. అత్త అన్నపూర్ణమ్మ ఆ నీళ్ళతోనే కాళ్ళు కడుక్కుని, "రేపు ఇంకో రెండు బిందెలు ఎక్కువ పట్టు మే, అంట్లకు సాలడం లేదు" అనేది. ఆపరేషన్ అయినప్పుడు బరువులు ఎత్తకూడదని నర్సమ్మ చెప్పిన మాట ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. యమునకే గుర్తు లేదు, నడుము పట్టేసినప్పుడు తప్ప.

తన పరుగు తనదేనని ఆమెకు తెలిసింది ట్యాంకరు రాని రోజున. ఆ తెల్లవారి బైపాసు దాకా పరిగెత్తి చూస్తే రోడ్డు ఖాళీ. డ్రైవరు ఏదో పెళ్ళికి పోయాడట. వెనక్కి తిరగాల్సిన మనిషి, పైపు చుట్టను మైలురాయి మీద పెట్టి, ఎందుకో చౌడేపల్లె రోడ్డు పట్టింది. కాళ్ళు ఇంకా వేడిగా ఉన్నాయి, ఆగడం వాటికి ఇష్టం లేదు. మామిడి తోటలు మొదలయ్యేదాకా పోయింది. వెనక బిందెలు లేవు, తిట్లు లేవు, ఎదురుగా పట్టుకోవాల్సిన ట్యాంకరు లేదు. ఊపిరి గుండె నిండా దిగి బయటికి వస్తోంది, అంతే. ఆ హాయికి ఆమెకు భయం వేసింది. పని లేకుండా ఒళ్ళు ఇంత సంతోషపడటం తప్పేమోననిపించింది. ఇల్లు చేరాక అత్త "ఇంతసేపు యాడుంటివి మే?" అని అడిగితే, "ట్యాంకరు కోసరం కాచుకోనుంటి అత్తా" అని అబద్ధం చెప్పింది. అంతకుముందూ అబద్ధాలు చెప్పింది గానీ అవన్నీ ఇంటి పరువు కోసం. తన కోసం చెప్పుకున్నది ఇదే మొదలు.

రెండువేల ఐదులో వానలు పట్టుకున్నాయి. చెరువులు నిండాయి, బోర్లలోకి నీళ్ళొచ్చాయి, కొళాయిలు ముక్కు చీదినట్టు చీది చివరికి పారాయి. వీధిలో ఆడవాళ్ళందరూ ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుని నవ్వుకున్నారు. యమున కూడా నవ్వి, ఇంట్లోకి వచ్చి, పోపు పెడుతూ ఏడ్చింది. ఇంటికి నీళ్ళొస్తే ఏడ్చే ఆడదాన్ని ఎవరైనా ఏమంటారు? ఏడుపు నీళ్ళ గురించి కాదని ఎవరికి చెప్పడం? రేపటి నుంచి తెల్లవారి గడప దాటే పని లేదు. పని లేకుండా గడప దాటే ఆడది ఆ ఇంట్లో ఇంతవరకూ పుట్టలేదు.

దాంతో ఒంటికి ఒక జబ్బు తగిలించుకుంది. తను పాఠాలు చెప్పే స్కూలుకు వచ్చిన డాక్టరు బీపీ ఉందన్నాడని, పొద్దున్నే నడవమన్నాడని చెప్పింది. "నడువు. మాత్రలు మింగే పని తప్పుతాది" అన్నాడు దొరస్వామి పేపరు తిప్పుతూ. ఆడవాళ్ళ ఆరోగ్యం మీద ఆ ఇంట్లో అంతకంటే ఎక్కువ చర్చ జరగదు. నాలుగింటికే లేచి, పప్పు పొయ్యి మీద వేసి, బిడ్డ పావనికి టిఫిను డబ్బా సర్ది, పాత చుడీదారు, నడకకని కొనుక్కున్న బూట్లు తొడుక్కుని బయలుదేరేది. ఇళ్ళున్నంత మేరా నడక. ఇళ్ళు దాటాక పరుగు. ఎదురుగా లైటు కనిపిస్తే మళ్ళీ నడక. దొంగతనం చేస్తున్నట్టే ఉండేది. కుక్కల భయం, లారీల భయం, సైకిలు దిగి వెనకే నడుచుకుంటూ వచ్చే మగవాళ్ళ భయం. అన్నిటికంటే తెలిసినవాళ్ళ భయం. మన పక్క ఆడది రోడ్డు మీద పరిగెడుతోందంటే ఎవరో పోయారనో, బిడ్డ బావిలో పడిందనో అర్థం. పాలాయన ఒకసారి క్యాన్లతో సహా సైకిలు అడ్డం తిప్పి, "ఎవురికమ్మా? ఎవురికేమయ్యింది?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు. ఎవరికీ ఏమీ కాలేదని చెబితే నమ్మలేదు పాపం. చివరికి మేనమామకు గుండెనొప్పి అని చెప్పి ఆయన్ని ఊరడించాల్సి వచ్చింది.

ఇక స్కూలు. యమున రెండో తరగతి టీచరు. ఎవరైనా పెద్దమనుషులు వస్తే, ఎమ్మే చదివిన మగ టీచర్లు కుర్చీల్లో కూర్చుంటే, ఎమ్మే చదివిన ఆడ టీచర్లు ఉప్మా ప్లేట్లు అందించే స్కూలది. ఒక రోజు స్టాఫ్ రూములోకి రంగు కాగితం ఒకటి వచ్చింది. కుప్పంలో డాక్టర్లూ గ్రానైటు వ్యాపారులూ కలిసి డిసెంబరులో హాఫ్ మారథాన్ పెడుతున్నారట. ఇరవై ఒక్క కిలోమీటర్లు, ఇక్కడి నుంచి దాదాపు పలమనేరు దాకా పోయినంత. "ఆడోళ్ళు గూడా పరిగెత్తచ్చంట!" అని లెక్కల సారు చదివి, గది చుట్టూ చూశాడు. అందరూ నవ్వారు. యమున కూడా నవ్వింది. అట్లాంటప్పుడు నవ్వకపోతే ఎక్కువ కనపడతాం. సాయంత్రం గంట కొట్టాక డ్రిల్లు సారు చెంగల్రాయుడు బంతులు లోపల పెడుతుంటే పక్కన నిలబడి, "సార్, నా పేరు పంపించండి" అంది. గొంతు తనది కాదనుకుంది. ఆయన పెద్దాయన, నెమ్మదస్తుడు. "మీ సారుకు చెప్పినారా మేడమ్?" అని మాత్రం అడిగాడు. "చెప్తాను సార్" అంది. చెప్తాను అనడం అబద్ధం కాదు. ఎప్పుడని ఆయన అడగలేదు కదా.

చెప్పే అవసరం లేకుండానే సగం సంగతి దొరస్వామికి చేరింది. చౌడేపల్లె రైతు ఒకాయన మోటారు రిపేరుకు తెచ్చి, అంగడి నిండా జనం ఉండగా మొదలుపెట్టాడు. "దొరస్వామన్నా, మొన్న తెల్లారి మీ ఇంటామెను సూస్తి. పరిగెత్తతా పోతాండె. ఏమి కొంప మునిగిందోనని బండి తిప్పుకోని నేనూ ఎనకాలే పోతి. ఏమీ లేదంట గదప్పా! ఊరికే పరిగెత్తతాండాదంట!" అంగడంతా నవ్వింది. దొరస్వామి కూడా నవ్వాడు.

ఇంటికొచ్చి ఏమీ అనలేదు. దొరస్వామి చెయ్యెత్తే మనిషి కాదు. అత్తకు అదొక గొప్ప, వీధికి అదొక గొప్ప. యమున తల్లి బతికున్నన్నాళ్ళూ "కొట్టని మొగుడు దొరికినాడు, ఇంకేమి కావాల నీకు" అని దేవుడికి దండం పెట్టేది. కొట్టనివాడి దగ్గర ఎట్లా భయపడాలో ఎవరూ నేర్పలేదు గనక యమున తనంతట తానే నేర్చుకుంది. చెంచా పెట్టే చప్పుడు, గొళ్ళెం వేసే చప్పుడు, పిలుపుకు పలకడానికి ఆయన తీసుకునే ఆలస్యం, ఇవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. రెండు రోజులు ఆ ఇంట్లో చెంచాలు కూడా చప్పుడు చేయలేదు. మూడో రోజు ఆదివారం. పొద్దున ఆమె పప్పు రుబ్బుతుంటే పెరట్లోంచి రబ్బరు కాలిన వాసన వచ్చింది. పోయి చూస్తే దొరస్వామి నీళ్ళ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని కట్టెలు ఎగదోస్తున్నాడు. కట్టెల మధ్య ఆమె పరుగు బూట్లు. ఒకటి అప్పటికే కరిగిపోయింది. ఇంకోదాని లేసు ఇంకా తెల్లగా ఉంది.

"నీళ్ళు కాగినాయి, పోసుకో" అన్నాడు తల తిప్పకుండా. "ఇంకోతూరి నువ్వు రోడ్డు మింద పరిగెత్తినావని నా చెవిన పడితే, పావనిని మదనపల్లెలో మా అక్కకాడ వదిలేస్తా. ఆడ చదువుకుంటాది. నీ పెంపకం సాలు."

గొంతు పెంచలేదు. ఆమె ఆ నీళ్ళు పోసుకుంది. పోసుకోకపోతే ఏమవుతుందో ఆమె ఊహించలేకపోయింది. అందుకే పోసుకుంది. రబ్బరు వాసన వెంట్రుకల్లో ఉండిపోయింది. అంతటితో ఆ సంగతి ముగిసేది కూడా. యమున పరుగు మానేసేది, డ్రిల్లు సారుకు ఏదో ఒకటి చెప్పేది, బీపీకి మాత్రలు మింగేది. బిడ్డ కంటే పరుగు ఎక్కువా? ముమ్మాటికీ కాదు. ఆ సాయంత్రం పావని నోట ఆ మాట రాకుండా ఉంటే అట్లాగే అయ్యేది.

పావనికి పదమూడేళ్ళు. తల్లి జడ వేస్తుంటే ముందుకు వంగి, గుసగుసగా, "నాన్న బూట్లే కదమ్మా కాల్చినాడు. నిన్నేమీ అనలేదు గదా. మంచోడే" అంది. తల్లిని ఓదార్చడానికే అంది. యమున చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఈ లెక్క ఆమెకు తెలుసు. కొట్టలేదు, తిట్టలేదు, గెంటెయ్యలేదు, బూట్లే కదా. పదిహేనేళ్ళుగా రోజూ తన లోపల తాను వేసుకునే లెక్క అది. బిడ్డకు ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు, తల్లిని చూసి పట్టుకుంది. మదనపల్లెకు పంపినా పంపకపోయినా ఈ లెక్క దాని వెంటే పోతుంది. రేపు ఇంకొకడు ఇంకేదో కాలిస్తే ఇదే గొంతుతో మంచోడే అంటుంది. అంతవరకూ యమునకు తెలిసిన భయాలన్నీ ఆ మాట ముందు చిన్నవైపోయాయి.

సరే, మళ్ళీ ఒక జబ్బు. ఈసారి తనకు కాదు, కుప్పంలో ఉన్న అక్క శాంతకుమారికి. ఆ ఏడు చికున్‌గున్యా ఊళ్ళకు ఊళ్ళనే మంచాన పడేసింది గనక ఎవరూ అనుమానించలేదు. అక్క కీళ్ళన్నీ పట్టేసి లేవలేకుండా ఉంది, రెండు రోజులు వండిపెట్టి వస్తానంది. ఒకరికి వండిపెట్టడానికైతే గడప దాటొచ్చు. "సోమారానికి వచ్చేయాల. నాకు దోసెలు పోసేదానికి చేతగాదు" అంది అత్త. పావని మాత్రం తన తెల్ల డ్రిల్లు బూట్లు తెచ్చి తల్లి సంచిలో అడుగున పెట్టి, మీద చీర కప్పింది. తల్లీబిడ్డల పాదాలు అప్పటికే ఒక కొలతకు వచ్చాయి.

శాంతకుమారి మంచి పుష్టిగా ఉంది. విషయం విని నెత్తి కొట్టుకుంది. "యాల మే నీకీ గాచారం? నీ మొగుడికి తెలిస్తే?" అంది. "తెలీదులే అక్కా" అంది యమున. ఆదివారం ఇంకా వెలుగు రాకముందే అక్క వెంటబెట్టుకుపోయి, నుదుట విభూది పెట్టి, గుంపులోకి తోసింది. గుంపు నిండా నిక్కర్లేసుకున్న కాలేజీ పిల్లలు. ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది, వాళ్ళందరూ తన సగం వయసు వాళ్ళు. ఎదపైన పిన్నులతో గుచ్చిన నంబరు తనను చూసి అరుస్తున్నట్టనిపించి, యమున చున్నీ అడ్డంగా కప్పి నడుముకు ముడేసుకుంది. ఎవరైనా పుంగనూరు వాళ్ళుంటే? ఎవరైనా ఫోటో తీస్తే? రేపు పేపర్లో పడితే? జెండా ఊపారు. కాళ్ళు కదిలాయి గనక సరిపోయింది. ఆమె ఆజ్ఞ కోసం కాచుకుంటే అవి కదిలేవి కావు.

పిల్లలందరూ ముందుకు పోయారు. కాసేపటికి వెనక ఎవరూ లేరు, ముందెవరూ లేరు. ఊరు దాటి, గ్రానైటు పలకలు నిలబెట్టిన షెడ్లు దాటి, రోడ్డు పల్లెల్లోకి దిగింది. రెండు పక్కలా పట్టుపురుగుల కోసం పెంచే మల్బరీ తోటలు, మంచులో తడిసి ఉన్నాయి. ఆమె ఊపిరి సర్దుకుంది. చౌడేపల్లె రోడ్డు మీద మాదిరిగానే గుండె నిండింది. ఇక్కడ లైటు కనపడితే నడవక్కరలేదు. పరిగెత్తమనే పిలిచారు. ఆ ఆలోచనకు నవ్వొచ్చింది కూడా.

అప్పుడు వెనక బండి చప్పుడు వినిపించింది. ఏ బండి అయినా అయ్యుండొచ్చు. అది కాదు. ఆ బండి చప్పుడు వినగానే పొయ్యి మీద పెనం పెట్టడం ఆమెకు పదిహేనేళ్ళ అలవాటు. ఒంట్లో ప్రతి నరానికీ తెలుసు. తిరిగి చూడలేదు. చప్పుడు దగ్గరికి వచ్చి, పక్కకు వచ్చి, ఆమె పరుగుకు సరిపోయేంత నెమ్మదించింది.

"ఎక్కు" అన్నాడు దొరస్వామి.

మంకీ క్యాపు, చలికి ఎర్రబడ్డ కళ్ళు. పుంగనూరు నుంచి చీకట్లో బయలుదేరి ఉంటాడు. కాఫీ తాగాడో లేదో అనుకుంది యమున. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ ఆలోచన తన పని తాను చేసుకుపోయింది.

"మీ అక్కకు చికున్‌గున్యా గదా? బాగా నొప్పులా?" అన్నాడు. ఎదురుగా వచ్చిన ఎడ్లబండి మనిషిని చూసి దొరస్వామి నవ్వాడు. బండి దాటిపోయాక నవ్వు పోయింది. "నిన్న అంగడి మూసే యాలకు చెంగల్రాయుడు వచ్చినాడు. నా చెయ్యి పట్టుకోని ఊపినాడు. మేడమ్‌ను పంపిస్తాండారే, మీలాంటోళ్ళు ఉండాల సార్ అన్యాడు. నా పెండ్లాం యాడుండాదో నాకు ఇంకోడు వచ్చి చెప్పాలనా? నాకు తెలీదప్పా అని ఎట్ల చెప్పేది? నవ్వినా. రాత్రంతా నిద్ర లే నాకు. బండెక్కు."

ఆమె పరుగు ఆగలేదు. అదీ భయం వల్లే.

"పావని గుడ్డలు సర్దమని అమ్మకు చెప్పొచ్చినా. మధ్యాన్నం బస్సుకు మదనపల్లెకు పోతాది. ఇప్పుడు బండెక్కితే ఆ మాట ఆలోచిస్తా. ఇంకా పరిగెత్తతా ఉంటే నువ్వే పంపినట్టు."

అడుగు తడబడింది. కళ్ళ ముందు పావని సంచి కనిపించింది. ఎక్కేస్తే అయిపోతుంది. ఎక్కితే బిడ్డ ఉంటుంది. కాలు నిజంగానే నెమ్మదించింది. ఇంకో రెండడుగుల్లో ఆగేదే. ఎక్కాక? ఇంకో నెలకు ఇంకో సంగతి వస్తుంది, ఈసారి బిడ్డ సంచి వాకిట్లో పెట్టి ఇంకేదో మానమంటాడు. అప్పుడూ ఎక్కాలి. ఆ తర్వాతా ఎక్కాలి. ఆ సంచి ఎప్పటికీ సర్దే ఉంటుంది. వెనక సీటు మీద తల వంచుకుని ఇల్లు చేరిన తల్లిని చూసి పావని మళ్ళీ అంటుంది, కొట్టలేదు కదమ్మా, బండి మీద తీసుకొచ్చినాడు కదా అని. యమునకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూ పరిగెత్తడం కష్టం, ఊపిరి రెండింటికీ సరిపోదు. అయినా రెండూ చేసింది, పైకి వెక్కుతూ, ముక్కు కారుతూ.

"ఏమ్మే, చెవుల్లో పడలేదా?" దొరస్వామి బండి మీంచి వంగి, చెయ్యి చాపి, మెడ దగ్గర చున్నీ పట్టుకుని గుంజాడు.

తోటలోంచి కేక లేచింది. "దొంగా! సరుడు తెంపతాండాడే! రాండే, చైను దొంగ!"

మల్బరీ ఆకు కోస్తున్న ఆడవాళ్ళు ఒక్కుమ్మడిగా నలుగురు రోడ్డు మీదికి దూకారు. కోసిన మోపులు తోటలోనే పడ్డాయి, చేతుల్లో కొడవళ్ళు అట్లాగే ఉన్నాయి. ముందున్నామె, దిట్టమైన మనిషి, బండి హ్యాండిలు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఇంకొకామె "తాళం లాగు గౌరమ్మక్కా!" అని అరిచింది. గౌరమ్మ తాళం పెరికి గుప్పిట్లో పెట్టుకుంది. బండి ఆగిపోయింది. ఒకామె దొరస్వామి చొక్కా కాలరు పట్టుకుంది.

"పోయిన నెల ఇట్లే బండి మింద వచ్చి, మా తోటికోడలి మెళ్ళో తాళి సరుడు తెంపకపోయినారు. వాడివి నువ్వేనా రా? ఈపొద్దు దొరికినావు!"

"నేను దొంగను కాదమ్మా! ఆమె నా పెండ్లాం!" అన్నాడు దొరస్వామి. గొంతు కీచుగా వచ్చింది.

"దొరికిన ప్రతోడూ అదే అంటాడు. పెండ్లామైతే ఏడస్తా పరిగెత్తతా ఉండేదాన్ని బండేసుకోని తరుముతావా? మెడకాడ చెయ్యేస్తావా?" గౌరమ్మ యమున వైపు తిరిగింది. "భయపడద్దు మే. మేముండాము. చెప్పు. ఎవుడు వీడు? నీకు తెల్సా?"

యమున మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని రొప్పుతోంది. తలెత్తితే దొరస్వామి కళ్ళు కనిపించాయి. కొడవళ్ళ మధ్య ఆ కళ్ళు ఆమె మొహాన్నే వెతుకుతున్నాయి, ఆమె ఏమంటుందో, ఎప్పుడంటుందో, ఎట్లా అంటుందో అని. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. ఆయన మొహంలో ఎన్నడూ చూడలేదు, అంతే. తెలీదు అనొచ్చు. ఒక్క మాట. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వీళ్ళు నాలుగు తగిలిస్తారు, స్టేషనుకు ఈడ్చుకుపోతారు. అదీ ఒక అబద్ధమే. మేనమామ గుండెనొప్పి, బీపీ, అక్క కీళ్ళు, ఎన్ని చెప్పింది ఈ కాళ్ళ కోసం. చాలనిపించింది.

"మా ఇంటాయనేక్కా" అంది.

ఒక్క క్షణంలో అన్నీ మారిపోయాయి. కాలరు మీది చెయ్యి జారింది. కొడవళ్ళు దిగాయి. "అయ్యో, మొగుడా! ముందే చెప్పకూడదా మే" అని ఒకామె నాలుక కరుచుకుంది. ఇంకొకామె దొరస్వామి చొక్కా దులిపింది. మెడ మీద పడ్డ చెయ్యి అదే, గుంజిన గుంజుడు అదే, ఏడుపూ అదే. దొంగదయితే కొడవలి, మొగుడిదయితే దులపడం. గౌరమ్మ కూడా మెత్తబడి, "మొగుడూ పెండ్లాల గొడవలు రోడ్డు మింద యాల? బండెక్కి పో మే, పిలస్తాండాడు గదా" అంటూ గుప్పిట విప్పింది. తాళం దొరస్వామి వైపు సాగింది. ఆయన ఊపిరి వదిలాడు. ఆ కళ్ళలో భయం పోయి, పాత చూపు వచ్చి కూర్చోవడం యమున దగ్గరి నుంచి చూసింది.

చెయ్యి చాపి గౌరమ్మ గుప్పిటను మళ్ళీ మూసి, రెండు చేతులతో పట్టుకుంది. జీవితంలో మొదటిసారి మొగుడి కళ్ళలోకి చూస్తూ, ఊపిరి అందక ముక్కలు ముక్కలుగా, "మధ్యాన్నానికి నేను ఇంట్లో ఉంటా. పావని యాడికీ పోదు" అంది.

తర్వాత గౌరమ్మతో అంది:

"మొగుడేలే అక్కా. అయినా నేను ఆ మలుపు దాటేదాకా వదలద్దండి."